బావి తవ్వకముందే వైద్యుణ్ణి కూడా అడగండి

భూగర్భం నుంచి బొగ్గునో, చమురునో, సహజవాయువునో వెలికితీసే ప్రతి ప్రాజెక్టు వెనుకా ప్రమాద అంచనా పేరుతో కొన్ని పుటలు ఉంటాయి. పైపు మందం ఎంత, పీడనం ఎంత, కవాటం ఎన్ని క్షణాలలో మూసుకుంటుంది, మంట లేస్తే వేడి ఎంత దూరం వ్యాపిస్తుంది అన్న లెక్కలు వాటిలో వివరంగా కనిపిస్తాయి. ఆ వేడి మనిషికి తగిలిన తరువాత ఏమవుతుంది, అతణ్ణి ఎవరు, ఎక్కడ, ఎంతసేపట్లో కాపాడతారు అన్న ప్రశ్నకు మాత్రం ‘సమీప ఆసుపత్రికి తరలించబడును’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. దశాబ్దాల పాటు ఆ ‘సమీప ఆసుపత్రి’ వంటి చోట్లనే పనిచేసిన వైద్యునిగా ఆ ఒక్క వాక్యం గురించే ఈ వ్యాసం రాస్తున్నాను.

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో చమురు బావులు లేవు కదా, మనకెందుకు ఈ చర్చ అని పాఠకులు అడగవచ్చు. తీసేది అక్కడే అయినా, తీసినది మన గడప ముందు నుంచే వెళ్తున్నది. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు పెట్రోలు, డీజిలు మోసుకుపోయే పైపులైను సూర్యాపేట మీదుగా వెళ్తుంది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై వంటగ్యాస్ ట్యాంకర్లు మన పట్టణాల పక్కనుంచే రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. మిర్యాలగూడ సమీపాన దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. మన సిమెంటు కర్మాగారాల బట్టీలు కూడా బొగ్గుతోనే మండుతాయి. కాబట్టి ఈ విషయం మనకు పరాయిది కాదు.

పాశర్లపూడి నేర్పిన పాఠం

తెలుగు నేలపై ఈ చర్చ ఎక్కడ మొదలుపెట్టినా పాశర్లపూడి దగ్గరికి రావలసిందే. 1995 జనవరి 8న, నేటి కోనసీమ జిల్లాలోని పాశర్లపూడి సమీపంలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి అదుపు తప్పింది. మార్చి 15న నోరు మూసేవరకు, 65 రోజుల పాటు ఆ బావి మండుతూనే ఉంది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. దానిని అదుపు చేయడానికి విదేశీ నిపుణులను రప్పించవలసి వచ్చింది. మన దేశ చమురు చరిత్రలో అంతటి బ్లోఅవుట్ అరుదు.

బ్లోఅవుట్ అంటే ఏమిటో పాఠకులకు సులభంగా చెబుతాను. వేల మీటర్ల లోతున శిలల రంధ్రాలలో వాయువు అధిక పీడనంతో బంధింపబడి ఉంటుంది. బావిని తవ్వేటప్పుడు ప్రత్యేకంగా కలిపిన బరువైన బురదను గొట్టం నిండా నింపి ఉంచుతారు. ఆ బురద స్తంభం బరువు కింది వాయువు పీడనాన్ని అణచిపెట్టాలి. లోపలి పీడనం అంచనాకు మించి ఉన్నా, బురద ఏదో ఒక పొరలోకి ఇంకిపోయినా, గొట్టానికీ నేలకూ మధ్య వేసిన సిమెంటు సరిగా పట్టకపోయినా వాయువు పైకి తన్నుకొస్తుంది. అప్పుడు బావి నోటిని బిగించి మూయడానికి బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే భారీ కవాటాల దొంతర ఉంటుంది. అదీ పనిచేయకపోతే ఇక ఎక్కడో చిన్న నిప్పురవ్వ చాలు.

వైద్యశాస్త్రం చదివినవారికి ఇది తెలియని సంగతి కాదు. రక్తపోటును అణచిపెట్టే మందు పనిచేస్తున్నంతకాలం రోగి ఆరోగ్యవంతునిలాగే కనిపిస్తాడు. ఒక రక్షణ తరువాత మరొక రక్షణ తొలగిపోతూ వచ్చి, చివరిది కూడా పోయిన రోజున పక్షవాతం వస్తుంది. చూసేవారికి అది హఠాత్తుగా వచ్చినట్లుంటుంది గాని, దాని చరిత్ర చాలాకాలం క్రితమే మొదలై ఉంటుంది.

నగరం: లక్షణాన్ని లెక్కచేయని జబ్బు

పాశర్లపూడికి దగ్గరలోనే, మామిడికుదురు మండలంలో నగరం అనే గ్రామం ఉంది. 2014 జూన్ 27న తెల్లవారుజామున, ఊరు ఇంకా పూర్తిగా నిద్ర లేవకముందే, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే గెయిల్ సంస్థ వాయు పైపులైను పగిలి పేలింది. 20 మందికి పైగా మరణించారు. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. క్షతగాత్రులను అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు తరలించారు.

పాశర్లపూడిలో మంట 65 రోజులు మండింది. నగరంలో కొద్ది గంటలలోనే అణగిపోయింది. అయినా ప్రజల ప్రాణాల లెక్కలో నగరమే ఘోరం. ఎందుకంటే బావి చుట్టూ కంచె ఉంటుంది, కాపలా ఉంటుంది, అది ప్రమాదకరమైన చోటు అని అందరికీ తెలుసు. పైపులైను మాత్రం ఊరి మధ్యనుంచి, హోటలు వెనుకనుంచి, పెరటి గోడ పక్కనుంచి కనబడకుండా పోతుంది. కంటికి కనబడని అపాయాన్ని మనిషి త్వరగా మరచిపోతాడు.

విచారణలో తేలిన ముఖ్యాంశం ఏమిటంటే, తేమ తీసివేసిన పొడి వాయువు కోసం ఉద్దేశించిన ఆ గొట్టంలో నీరు, ద్రవ హైడ్రోకార్బన్లు కలిసిన తడి వాయువు ప్రవహించింది. నీరు, దానిలో కరిగిన కార్బన్ డయాక్సైడు కలిస్తే బలహీనమైన ఆమ్లం తయారవుతుంది. అది గొట్టం అడుగుభాగాన్ని లోపలినుంచి కొద్దికొద్దిగా తినివేస్తుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది. లోపల లోహం పలచబడుతూ ఉంటుంది. లీకుల గురించి, వాసన గురించి తాము ముందే చెప్పామని గ్రామస్థులు ఆనాడు పత్రికల వారితో అన్నారు.

నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఈ చివరి మాటే. రోగి ‘గుండెలో బరువుగా ఉంది’ అంటే వైద్యుడు దానిని ఫిర్యాదుగా భావించడు, లక్షణంగా భావిస్తాడు. ఈసీజీ తీస్తాడు. పరిశ్రమ భాషలో మాత్రం ‘వాసన వస్తోంది’ అన్న గ్రామస్థుని మాట ఒక ఫిర్యాదుగా, ఒక్కోసారి విసుగు పుట్టించే ఫిర్యాదుగా నమోదవుతుంది. దానిని లక్షణంగా గుర్తించి, రోగనిర్ణయం దాకా తీసుకుపోయే వ్యవస్థ లేకపోతే, ఎంత ఖరీదైన ప్రమాద అంచనా నివేదిక అయినా అది అల్మారాలోని కాగితమే.

వృత్తాలు గీసే లెక్కలో లోపం

ప్రమాద అంచనా వేసేవారు బావి లేదా పైపులైను చుట్టూ పటం మీద వృత్తాలు గీస్తారు. చదరపు మీటరుకు 37.5 కిలోవాట్ల వేడి తగిలే వలయంలో యంత్రాలే దెబ్బతింటాయి. 12.5 కిలోవాట్ల వలయంలో నిప్పు తగిలితే కట్టెలు అంటుకుంటాయి. 4 కిలోవాట్ల వలయంలో 20 సెకన్ల లోపు తప్పించుకోలేని మనిషికి భరించరాని నొప్పి పుట్టి, చర్మం పొక్కులు లేచే అవకాశం ఉంటుంది. ఈ లెక్కలు తప్పు కావు, అవసరమే. కాని అవి ‘తప్పించుకోగల మనిషి’ని ఊహించుకుని వేసినవి. మంచం మీద ఉన్న వృద్ధుడు, మోకాళ్ల నొప్పులున్న అవ్వ, ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ, నిండు గర్భిణి 20 సెకన్లలో ఎంత దూరం పోగలరు?

వృత్తం దాటి బతికి బయటపడినవారి కథ అక్కడితో ముగియదు, అక్కడే మొదలవుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. 60 కిలోల బరువున్న మనిషికి ఒంటిమీద 40 శాతం కాలిందనుకుందాం. వైద్యులు వాడే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం, కిలో బరువుకు, కాలిన ప్రతి ఒక్క శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున మొదటి 24 గంటలలో 9.6 లీటర్ల సెలైన్ వంటి ద్రవం నరంలోకి ఎక్కించాలి. దానిలో సగం మొదటి 8 గంటలలోనే పోవాలి. ఆ 8 గంటలు లెక్కించేది రోగి ఆసుపత్రికి చేరిన సమయం నుంచి కాదు, కాలిన సమయం నుంచి. ఇటువంటి రోగులు 20 మంది ఒకేసారి వస్తే మొదటి రోజుకే 192 లీటర్లు, అంటే అరలీటరు సీసాలు 384 కావాలి. ఇది కేవలం ద్రవం సంగతి. శ్వాసనాళం వేడికి వాచిపోయిన వారికి గొంతు మూసుకుపోకముందే గొట్టం వేయాలి. ఆ పని తెలిసిన మత్తువైద్యుడు ఆ తెల్లవారుజామున అక్కడ ఉండాలి. కాలిన గాయానికి సూక్ష్మజీవులు సోకకుండా విడి గదులు కావాలి. ఆపై నెలల తరబడి చర్మపు అతుకులు, వంకరపోయిన కీళ్లకు వ్యాయామం కావాలి.

సూర్యాపేటలో, నల్గొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అది మన ప్రాంతానికి పెద్ద భాగ్యం. ఆ ఆసుపత్రుల అధికారులను, మన ప్రజాప్రతినిధులను నేను వినయంగా అడిగేది ఒక్కటే: జాతీయ రహదారిపై ఒక ట్యాంకరు తలకిందులై నేడు రాత్రి 2 గంటలకు 20 మంది కాలిన రోగులు వస్తే మన ఏర్పాటు ఏమిటి? ఆ జవాబు కాగితం మీద, పేర్లతో, ఫోన్ నంబర్లతో, పడకల సంఖ్యతో ఉన్నదా? ప్రశ్న అడగడం ఎవరినీ నిందించడం కాదు.

మంట లేని హాని

అగ్నిప్రమాదం పత్రికల మొదటి పుటలో వస్తుంది. నిదానంగా జరిగే హాని ఏ పుటలోనూ రాదు. మండించి వదిలివేసే వాయువుల మసి, చమురుతో పాటు పైకి వచ్చే ఉప్పునీరు, తవ్వకంలో వాడిన బురద, ద్రవ హైడ్రోకార్బన్ల ఆవిరిలో ఉండే బెంజీను, ఇవన్నీ ఆరోగ్యానికి సంబంధించినవే. బెంజీను దీర్ఘకాలం శరీరంలోకి చేరితే ఎముక మజ్జ దెబ్బతిని రక్త కాన్సరు రాగలదని వైద్యశాస్త్రం సందేహానికి తావు లేకుండా నిర్ధారించింది.

అస్సాంలోని తిన్సుకియా జిల్లా బాగ్‌జాన్‌లో 2020 మే 27న ఆయిల్ ఇండియా సంస్థ బావి అదుపు తప్పింది. జూన్ 9న నిప్పు అంటుకునేదాకా 13 రోజుల పాటు వాయువు, ద్రవ హైడ్రోకార్బన్లు గాలిలోకి, పొలాలలోకి, పక్కనే ఉన్న మాగురి–మోటాపుంగ్ చిత్తడినేలలోకి చేరాయి. మంటలతో పోరాడిన ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆ బావిని పూర్తిగా అదుపులోకి తేవడానికి నవంబరు దాకా పట్టింది. వేలమంది సహాయ శిబిరాలలో గడిపారు, అదీ కోవిడ్ కాలంలో. ఆ 13 రోజులు ప్రజలు పీల్చిన గాలి వారి ఊపిరితిత్తులను ఎంత మార్చిందో చెప్పాలంటే అంతకుముందు వారి ఊపిరితిత్తులు ఎలా ఉండేవో తెలియాలి. ముందు పరీక్ష లేకపోతే తరువాతి పరీక్షకు అర్థం సగమే. పరిహారం అడిగే పేదవానికి సాక్ష్యమూ ఉండదు.

బొగ్గు సంగతీ అంతే. బొగ్గు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని తనంత తానే వేడెక్కుతుంది. ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే కుప్పలోనో, వదిలేసిన గని భాగంలోనో తనంత తానే అంటుకుంటుంది. ఝరియా బొగ్గు క్షేత్రంలో భూగర్భపు మంటలు నూరేళ్లకు పైగా రగులుతున్నాయి. 1965 మే 28న నేటి ఝార్ఖండ్‌లోని ధోరీ గనిలో జరిగిన పేలుడులో 268 మంది కార్మికులు మరణించారు. గనులలో మీథేన్‌తో పాటు మెత్తని బొగ్గుపొడి కూడా గాలిలో లేచి నిప్పు తగిలితే తుపాకీమందులా పేలుతుంది. అరకొరగా మండిన బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా బలంగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. కోవిడ్ తరువాత ప్రతి ఇంటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. రోగి స్పృహ తప్పుతున్నా అది 98 అని చూపగలదు. పొగలో చిక్కుకుని వచ్చిన రోగి వేలికి పెట్టిన ఆ చిన్న పరికరాన్ని చూసి ధైర్యపడకూడదని యువ వైద్యులు గుర్తుంచుకోవాలి.

గని కార్మికుని వ్యాధి విషయంలో 1952 గనుల చట్టం ఒక గొప్ప పని చేసింది. ప్రకటిత వృత్తివ్యాధి ఉన్నదని అనుమానించిన వైద్యుడు గనుల ప్రధాన తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలని 25వ సెక్షన్ నిర్దేశించింది. అంటే వ్యాధి వైద్యునికీ రోగికీ మధ్య రహస్యంగా మిగిలిపోకుండా ప్రజా వ్యవహారంగా మారింది. అదే సూత్రం కార్మికునికే కాక గని పక్క గ్రామస్థునికీ, పైపులైను పక్క ఇంటివారికీ ఎందుకు వర్తించకూడదు?

చట్టంలో వైద్యుని కుర్చీ ఎక్కడ?

నేలమీది చమురు బావుల భద్రతను ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. వాయు పైపులైన్లను పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి చూస్తుంది. గాలి, నీటి కాలుష్యాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల కింద జిల్లా స్థాయి సంక్షోభ బృందంలో వైద్యాధికారికి చోటు ఉన్నది. కాని అది ప్రమాదానికి సిద్ధపడే బృందం. ప్రాజెక్టుకు అనుమతి ఇవ్వాలా వద్దా అని నిర్ణయించే చోటు కాదు. అంటే వైద్యుణ్ణి పిలిచేది ఇల్లు కాలుతున్నప్పుడే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను ప్రకారం చమురు, సహజవాయువుల అన్వేషణ కూడా అత్యంత జాగ్రత్త అవసరమైన ‘ఏ’ కేటగిరీలో ఉండేది. 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ అన్వేషణ దశను ‘బీ–2’ కేటగిరీకి మార్చింది. ఆ కేటగిరీ ప్రాజెక్టులకు పూర్తి ప్రభావ అంచనా నివేదిక గాని, ప్రజాభిప్రాయ సేకరణ గాని అవసరం లేదు. ఉత్పత్తి దశకు మాత్రం పాత నిబంధనలే ఉన్నాయి.

అన్వేషణ అంటే ఊరికే వెతకడమే కదా అన్న వాదన వినడానికి సబబుగా ఉంటుంది. కాని భూమి లోపల ఏ లోతున ఎంత పీడనం ఉన్నదో కచ్చితంగా తెలియనిది సరిగ్గా అన్వేషణ దశలోనే. తెలియని రోగికి తెలియని మందు ఇచ్చేటప్పుడే ఎక్కువ జాగ్రత్త పడతాం గదా! తెలియనితనం ఎక్కువగా ఉన్న దశలో ప్రశ్నలు తగ్గించడం నా బుద్ధికి ఎంత మాత్రం సమ్మతం కాదు. బాగ్‌జాన్ బావి ఉత్పత్తి దశలోనిది కాబట్టి ఈ మార్పుకూ ఆ ప్రమాదానికీ ముడిపెట్టడం సరికాదు. కాని నిబంధనలన్నీ ఉన్న దశలోనే అంత జరిగితే, నిబంధనలు తగ్గించిన దశ గురించి మరింత ఆలోచించాలి కదా.

మన సమీపంలోని యాదాద్రి విద్యుత్ కేంద్రం ఉదాహరణ కూడా గమనించదగినది. 2017లో దానికి పర్యావరణ అనుమతి లభించింది. 2022 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం ఆ అనుమతిని నిలిపి ఉంచి, మరికొన్ని అధ్యయనాలు చేయమన్నది. ఏ బొగ్గు కాలుస్తారో, దానిలో బూడిద ఎంతో అన్నది సాంకేతిక వివరం మాత్రమే కాదు. అది దామరచర్ల పిల్లవాడు పీల్చే గాలికి సంబంధించిన వివరం. నిర్మాణం చాలా దూరం వచ్చాక అధ్యయనం చేయడం కన్నా, పునాదిరాయి వేయకముందే చేసి ఉంటే ప్రజాధనమూ కాలమూ రెండూ మిగిలేవి.

ఎదుటివారి వాదన

ఈ అభిప్రాయాలతో విభేదించేవారు రెండు మాటలు చెబుతారు. రెండూ గౌరవించదగినవే.

మొదటిది, ఇంధనం లేనిదే బతుకు లేదన్నది. నిజమే. కట్టెల పొయ్యి పొగలో దగ్గుతూ, ముప్పై ఏళ్లకే ఊపిరితిత్తులు చెడగొట్టుకున్న స్త్రీలను ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసిన ఏ వైద్యుడూ మరువలేడు. గ్యాసు పొయ్యి వారికి చేసిన మేలు ఏ మందూ చేయలేదు. విద్యుత్తు లేకపోతే ఆపరేషన్ థియేటరు లేదు, టీకాలు నిలవుంచే ఫ్రిజ్ లేదు. కాబట్టి తవ్వకాలన్నీ ఆపండి అని నేను అనడం లేదు. ఆ మేలుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో కూడా లెక్కలో రాయండి అంటున్నాను. వంటగ్యాసు వెలుగు పట్టణంలో, పైపు పగిలిన మంట పల్లెలో అయితే అది న్యాయమైన పంపకం కాదు.

రెండవది, ఇటువంటి ప్రమాదాలు చాలా అరుదు అన్నది. అరుదు అన్న మాటను వైద్యులు జాగ్రత్తగా వాడతారు. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక బావి ఒక సంవత్సరంలో అదుపు తప్పే అవకాశం పదివేలలో ఒకటే అనుకుందాం. వినడానికి అది ఏమీ కాదు. అటువంటి బావులు ఒక ప్రాంతంలో 100 ఉండి, 30 ఏళ్లు నడిస్తే, ఆ కాలంలో కనీసం ఒక్కటైనా అదుపు తప్పే అవకాశం సుమారు నాలుగింట ఒక వంతు అవుతుంది. ఒక బావికి అరుదైనది ఒక జిల్లాకు అరుదు కాదు. ఆపరేషనుకు ముందు నాలుగింట ఒక వంతు అపాయం ఉన్నదని తెలిస్తే ఏ వైద్యుడైనా రోగి బంధువులను కూర్చోబెట్టి, వారి భాషలో, వారికి అర్థమయ్యేదాకా చెప్పి, సంతకం తీసుకుంటాడు. గ్రామానికి ఆ మర్యాద దక్కవద్దా?

నేను కోరేది

కొన్ని నిర్దిష్టమైన సూచనలు చేస్తున్నాను.

ఒకటి: బావి, గని, పైపులైను, విద్యుత్ కేంద్రం ఏదైనా సరే, పని మొదలుపెట్టకముందే చుట్టుపక్కల గ్రామాలలో ఆరోగ్య సర్వే జరగాలి. దానిని సంస్థ నియమించిన కన్సల్టెంటు కాక, సమీప ప్రభుత్వ వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగం చేయాలి. ఊపిరితిత్తుల సామర్థ్యం, రక్త పరీక్ష, తాగునీటి పరీక్ష తప్పక ఉండాలి. రెండు మూడేళ్లకొకసారి అదే సర్వేను మళ్లీ చేసి, ఫలితాలను గ్రామ పంచాయతీ కార్యాలయంలో అంటించాలి.

రెండు: ‘సమీప ఆసుపత్రి’ అన్న మాటకు బదులు ఆ ఆసుపత్రి పేరు, కాలిన రోగులకు ఉన్న పడకలు, వెంటిలేటర్లు, నిలవ ఉంచిన సెలైను, అర్ధరాత్రి అక్కడికి చేరడానికి పట్టే సమయం నివేదికలో రాయాలి. తగినంత లేకపోతే, సమకూర్చే ఖర్చు లాభం పొందే సంస్థదే కావాలి. ఆ ఏర్పాటు పూర్తయిన తరువాతే అనుమతి అమలులోకి రావాలి.

మూడు: అన్వేషణ దశకు కూడా ప్రజాభిప్రాయ సేకరణను పునరుద్ధరించాలి. ఇప్పుడు స్థానిక భాషలో ఇచ్చేది సారాంశం మాత్రమే. ప్రమాద అంచనా భాగమైనా పూర్తిగా, సరళమైన తెలుగులో, పటాలతో సహా ఇవ్వాలి. తన ఇల్లు ఏ వృత్తంలో ఉన్నదో ప్రతి గృహస్థుడూ చూసుకోగలగాలి.

నాలుగు: వాసన, లీకు, భూమి కుంగడం, చెట్లు కారణం లేకుండా ఎండిపోవడం వంటి ప్రతి మాటనూ నమోదు చేసే పుస్తకం పంచాయతీలో ఉండాలి. 24 గంటలలో తనిఖీ జరిగి, ఏమి కనుగొన్నారో అదే పుస్తకంలో రాసి సంతకం చేయాలి. జ్వరం చార్టు లేని వార్డు ఎంత అపాయకరమో, ఈ పుస్తకం లేని పైపులైనూ అంతే అపాయకరం.

ఐదు: ఏడాదికొకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 108 అంబులెన్సు, అగ్నిమాపక కేంద్రం, పాఠశాల, ఆశా కార్యకర్తలు అందరూ పాల్గొనే అభ్యాసం జరగాలి. అది ఫొటోల కోసం కాక, గడియారం పెట్టుకుని చేసేదై ఉండాలి.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

వంటగ్యాసు సిలిండరులో వాసన కోసం ప్రత్యేకంగా రసాయనం కలుపుతారు. సహజవాయువులో ప్రధానమైన మీథేనుకు స్వతహాగా వాసన లేదు. దూరప్రాంతాలకు పోయే పెద్ద గొట్టాలలో వాసన రసాయనం ఉంటుందని నమ్మి కూర్చోవద్దు. బుస్సుమనే శబ్దం, నీటిమడుగులో ఆగకుండా వచ్చే బుడగలు, నేలమీద పొగమంచులా కమ్ముకున్న ఆవిరి, గొట్టం దారిలో మాత్రమే ఎండిన గడ్డి, ఇవి కూడా సూచనలే. అటువంటి చోట బీడీ, అగ్గిపుల్ల, మోటారు బైకు, విద్యుత్ స్విచ్చి, మొబైల్ ఫోను ఏదీ వాడవద్దు. గాలికి ఎదురుగానో, అడ్డంగానో దూరంగా నడిచిపోయి, ఆ తరువాతే ఫోను చేయండి. ట్యాంకరు బోల్తాపడితే ఇంధనం పట్టుకోవడానికి బిందెలతో పరుగెత్తకండి. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. పల్లంలో, కాలువలో, గుంటలో నిలిచి దూరానున్న నిప్పును వెతుక్కుంటూ పోతుంది.

ఒంటికి మంట అంటుకుంటే పరుగెత్తవద్దు. నేలమీద పడి దొర్లాలి. కాలిన చోట సాధారణ నీటిని ధారగా 20 నిమిషాల పాటు పోయాలి. ఐసుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, పసుపు, నూనె ఏదీ రాయవద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మొలతాడు తీసివేయాలి. అంటుకుపోయిన బట్టను లాగవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ముఖం కాలినా, ముక్కులో వెంట్రుకలు కమిలినా, గొంతు బొంగురుపోయినా రోగి బాగానే మాట్లాడుతున్నాడని ఆలస్యం చేయవద్దు. లోపల శ్వాసనాళం వాస్తూ ఉండవచ్చు.

ఈ జాగ్రత్తలన్నీ ప్రజలు పాటించవలసినవే. కాని ప్రజల జాగ్రత్త ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. దోమతెర కట్టుకోమని చెప్పినంత మాత్రాన మురుగుకాలువ బాగుచేయవలసిన మున్సిపాలిటీ బాధ్యత తీరదు. అలాగే, నగరం గ్రామంలో ఆ తెల్లవారుజామున నిద్రపోతున్నవారికి ఎంత ప్రథమ చికిత్స తెలిసినా గొట్టం లోపలి తుప్పును ఆపగలిగేవారు కాదు.

మన గ్రామసభలలో, మున్సిపల్ సమావేశాలలో, ఎన్నికల వేళ మన ఇంటికి వచ్చే నాయకుల ముందు ఈ ఐదు కోరికలలో కనీసం ఒక్కటైనా అడగండి. అన్నిటిలో సులభమైనది నాలుగవది, ఒక నోటు పుస్తకం. దానికి కోట్లు అక్కరలేదు, చట్ట సవరణ అక్కరలేదు. మీ ఊరి పక్కనుంచి పైపులైను పోతుంటే వచ్చే గ్రామసభలోనే ఆ పుస్తకం తెరిపించండి.